ఎన్నికల నిరాశ, ఇంటి లెక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు బ్రాడీపేటలో ఇరవై ఏళ్ళ పైనుంచి చిన్న వ్యాపారుల లెక్కలు రాస్తున్నాను, ఉద్యోగులకు ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేస్తున్నాను. ప్రతి ఎన్నికల తర్వాత ఓ నెల రోజులు మా ఆఫీసులో రిటర్నుల మాట తక్కువ, రాజకీయాల మాట ఎక్కువ. 2019లో 23 సీట్లు చూసి కుంగిపోయి వచ్చినవాళ్ళున్నారు. 2024లో 11 సీట్లు చూసి అదే కుర్చీలో కూర్చుని అలాగే కుంగిపోయినవాళ్ళూ ఉన్నారు. గెలిపించుకున్న పార్టీయే మాట తప్పిందని బాధపడేవాళ్ళు రెండుసార్లూ వచ్చారు. ఎవరిది ఏ పార్టీ అని నేను అడగను. వాళ్ళు అడిగినవి, నేను చెప్పినవి ఇక్కడ రాస్తున్నాను.

మేం నమ్మినవాళ్ళు ఓడిపోయారు. డబ్బు విషయంలో ముందుగా ఏం చేయాలి?

మూడు నెలల పాటు పెద్ద నిర్ణయం ఏదీ తీసుకోవద్దు. స్థలం అమ్మొద్దు, కొనొద్దు, ఎఫ్‌డీ మధ్యలో తీయొద్దు, షేర్లు తెగనమ్మొద్దు. ఇంటి ఖర్చులు, ఈఎంఐలు, ఫీజులు మాత్రం ఎప్పటిలాగే నడవనివ్వండి.

ఎందుకంటున్నానో ఒక వారం కథ చెబుతాను. 2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ ఊపులో సెన్సెక్స్ 76,468 దగ్గర ముగిసింది. మర్నాడు ఓట్ల లెక్కింపులో కేంద్రంలో అనుకున్నన్ని సీట్లు రావని తేలేసరికి ఒక్కరోజులో 4,389 పాయింట్లు పడి 72,079కి వచ్చింది. మా దగ్గరికి వచ్చే రిటైర్డ్ లెక్చరర్ ఒకాయన ఆ మధ్యాహ్నం టీవీ ముందు కూర్చుని, మ్యూచువల్ ఫండ్‌లో ఉన్నదంతా వెనక్కి తీసేసుకున్నారు. మూడు గంటల లోపే రిక్వెస్ట్ పెట్టారు కాబట్టి ఆ పడిపోయిన రోజు రేటే ఆయనకు దక్కింది. 7వ తేదీ శుక్రవారానికి సెన్సెక్స్ 76,693కి వెళ్ళింది. ఆయన ఏమీ చేయకుండా నాలుగు రోజులు ఊరికే ఉండి ఉంటే ఒక్క రూపాయి కూడా పోయేది కాదు. 2004 మే 17న కూడా ఇలాంటి భయంతోనే మార్కెట్ ట్రేడింగ్ రెండుసార్లు ఆపేయాల్సి వచ్చింది. అప్పుడు అమ్ముకున్నవాళ్ళు కూడా తర్వాత బాధపడ్డారు.

రాజధాని వస్తుందని స్థలం కొన్నాం. ఆశలు తలకిందులయ్యాయి. అమ్మేయాలా, ఉంచుకోవాలా?

మా ఆఫీసులో అందరికన్నా ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. నా సొంత దెబ్బ కూడా ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

2015 అక్టోబర్ 22న ఉద్దండరాయునిపాలెంలో అమరావతికి శంకుస్థాపన జరిగింది. ఆ మరుసటేడు శ్రావణమాసంలో తుళ్ళూరు వైపు ఒక వెంచర్‌లో 150 గజాలు కొన్నాను. చేతిలో ఉన్నది చాలక మా ఆవిడ గొలుసు, గాజులు, నల్లపూసలు కలిపి 12 కాసుల బంగారం తాకట్టు పెట్టాను. ఇంకా తగ్గితే చీటీ పాడాను, అదీ ఆత్రంలో బాగా తక్కువకు పాడుకున్నాను. బంగారం బ్యాంకు తక్కెడలో పెడుతున్నప్పుడు మా ఆవిడ ఒక్క మాటే అడిగింది: "ఏమండీ, అమ్మాయి ఇంజనీరింగ్‌కి ఇంకా అయిదేళ్ళే కదా ఉంది?" నేను "అప్పటికి మూడింతలవుతుందిలే" అన్నాను.

2019లో ప్రభుత్వం మారింది. డిసెంబర్ 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. ఆ వారం నుంచి మాకు స్థలం చూపించిన బ్రోకర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. ఏటేటా వడ్డీ కట్టి బంగారం రెన్యూవల్ చేయించుకుంటూ వచ్చాను. 2021లో అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరింది, అదే నెలలో బంగారానికి వేలం నోటీసు వచ్చింది. కొన్న రేటు మీద మూడో వంతు తగ్గించి స్థలం అమ్మేశాను. తర్వాత కొన్నాళ్ళకే మూడు రాజధానుల చట్టాలను వెనక్కి తీసుకున్నారు. 2022 మార్చి 3న అమరావతినే రాజధానిగా అభివృద్ధి చేయాలని హైకోర్టు తీర్పు వచ్చింది. 2024లో మళ్ళీ ప్రభుత్వం మారింది, 2025 మే 2న ప్రధాని వచ్చి పనులు తిరిగి ప్రారంభించారు. నేను అమ్మిన స్థలం రేటు ఇప్పుడెంతుందో నాకు తెలుసు. ఆ అంకె ఇక్కడ రాయాలనిపించడం లేదు.

ఏళ్ళ తరబడి తప్పు పార్టీలదేనని తిట్టుకున్నాను. లెక్కలు రాసే మనిషిని కాబట్టి ఒకరోజు నా లెక్క నేనే తీసి చూసుకున్నాను. అమ్మాయి ఫీజు ఎప్పుడు కట్టాలో 2016లోనే నాకు తెలుసు. బంగారం వడ్డీ ఎప్పుడు కట్టాలో కూడా తెలుసు. ఆ రెండింటికీ తేదీ ఉంది. రాజధాని ఎప్పటికి పూర్తవుతుందన్నదానికి తేదీ లేదు. తేదీ ఉన్న డబ్బును తీసుకెళ్ళి తేదీ లేని ఆశ మీద పెట్టాను. నేను చేసిన తప్పు అది. స్థలం మంచిదే.

కాబట్టి అమ్మాలా వద్దా అని అడిగేవాళ్ళను నేను తిరిగి అడిగేది ఇదే: ఆ స్థలం మీద అప్పుందా? వచ్చే అయిదేళ్ళలో ఆ డబ్బుతో తీరాల్సిన ఫీజు, పెళ్ళి, ఆపరేషన్ ఏమైనా ఉందా? ఉంటే కాస్త నష్టమైనా ఇప్పుడే కొంతవరకు అమ్మి అప్పు తీర్చుకోండి. అప్పు లేకుండా, అవసరం లేకుండా ఉన్న స్థలమైతే ఉంచుకోండి. ప్రభుత్వాలు మారినంత మాత్రాన మట్టి ఎక్కడికీ పోదు. అయితే నిరాశతో ఆ వైపు వెళ్ళడమే మానేసినవాళ్ళను చాలామందిని చూశాను. ఏడాదికి రెండుసార్లు వెళ్ళి హద్దు రాళ్ళు చూసుకోండి, ముళ్ళకంప కొట్టించండి, ఏడాదికోసారి ఈసీ (మీ స్థలం మీద ఏయే రిజిస్ట్రేషన్లు జరిగాయో చూపే కాగితం) తీసి చూడండి. లింకు డాక్యుమెంట్లు ఒక సెట్టు ఇంట్లో, ఇంకో సెట్టు వేరేచోట ఉంచండి.

మేం రాజధాని కోసం పూలింగ్‌కి (పొలం ప్రభుత్వానికిచ్చి, బదులుగా కౌలు, ప్లాట్లు తీసుకునే పద్ధతి) భూమి ఇచ్చాం. మాకూ ఇదే సలహానా?

కాదు. మీరు కొనుక్కోలేదు, ఉన్న పొలమే ఇచ్చారు. మెట్టకు ఎకరానికి ఏడాదికి 30,000, జరీబుకు (నది పక్కన నీటి వసతి ఉన్న పొలం) 50,000 కౌలు, ఏటా పది శాతం పెంపు, పదేళ్ళపాటు అని ఒప్పందం. కౌలు ఆలస్యమైన ఏళ్ళలో చేబదుళ్ళు తెచ్చుకున్న కుటుంబాలు నాకు తెలుసు. మీకు చెప్పగలిగింది ఒక్కటే. కౌలు పడినప్పుడు అందులో సగం వెంటనే పక్కన పెట్టండి, తర్వాతి ఏడాది ఆలస్యమైతే ఇల్లు నడవాలి. పొలానికి బదులుగా వచ్చిన రిటర్నబుల్ ప్లాటు ఒకటి అమ్మాల్సి వస్తే అన్నదమ్ములందరూ కూర్చుని ఒకేసారి మాట్లాడుకోండి. విడివిడిగా అమ్మినవాళ్ళకు రేటు తక్కువ వచ్చింది, మాటలు కూడా పోయాయి.

మా పార్టీయే గెలిచింది. ఇప్పుడు అప్పు చేసైనా కొనొచ్చా?

పైన నా స్థలం కథలో 2016 అన్నచోట ఈ సంవత్సరం రాసుకుని మళ్ళీ చదవండి. గెలిచినవాళ్ళకూ అయిదేళ్ళే. కొనాలనుకుంటే రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ అప్రూవల్, వెంచర్లను నియంత్రించే సంస్థ రెరా ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు చూసుకుని, అప్పు లేని డబ్బుతో కొనండి.

పథకాల డబ్బు అనుకున్నట్టు రావడం లేదు. ఇంటి ఖర్చు ఎలా సర్దుకోవాలి?

నా దగ్గర లెక్క రాయించుకునే ప్రతి ఇంటికీ ఒకటే చెబుతాను: ఖాతాలో పడ్డాకే అది ఆదాయం. పడకముందు అది వార్త.

చదువుకునే పిల్లల తల్లులకు ఇచ్చే డబ్బే తీసుకోండి. మొదట 15,000 అన్నారు, తర్వాత బడి నిర్వహణకని కొంత పట్టుకుని 14,000 వేశారు, ఆ తర్వాత 13,000 అయింది. 2023 జూన్‌లో పడ్డాక మళ్ళీ 2025 జూన్‌లోనే పడింది, అప్పటికి ప్రభుత్వమూ మారింది, పథకం పేరూ మారింది. మధ్యలో 2024 జూన్ ఒకటి వచ్చి వెళ్ళింది. బడులు తెరిచే నెల ఎవరి కోసమూ ఆగదు కదా.

మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆవిడ ఉంది. ఇద్దరు పిల్లలు. ఆ 2024 జూన్‌లో డబ్బు పడుతుందన్న నమ్మకంతో మే నెలలోనే నూటికి అయిదు రూపాయల వడ్డీకి 20,000 తెచ్చి ఫీజు కట్టేసింది. నెలకు వెయ్యి రూపాయల వడ్డీ. ఏడాది తిరిగేసరికి 12,000 వడ్డీకే పోయింది, అసలు అలాగే ఉంది. 2025లో డబ్బు పడ్డాక అసలు తీర్చి, నా దగ్గరికి వచ్చి "ఈసారి ఎలా చేయమంటావు అన్నయ్యా?" అని అడిగింది. పోస్టాఫీసు పొదుపు ఖాతాలో నెలకు 1,500 వేయించాను. ఆ సొమ్ము ఎక్కడిదంటారా? ఇంతకుముందు ఆమె, వాళ్ళమ్మాయి బస్సు ఛార్జీలకు పెట్టేది కొంత. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితమైంది. ఎక్కినప్పుడల్లా టికెట్టు డబ్బు తీసి డబ్బాలో వేయమన్నాను. మిగతాది ఆమె కష్టం. పథకం డబ్బు వస్తే అదనంగా అదే ఖాతాలో వేస్తుంది, రాకపోయినా జూన్‌కి ఫీజు ఉంటుంది.

పింఛను మీద బతికే పెద్దవాళ్ళ సంగతి వేరు. 2024 జులై 1న 4,000కు పెరిగినప్పుడు పాత బకాయిలతో కలిపి 7,000 చేతికొచ్చింది. ఆ మొదటి నెల 3,000 విడిగా దాచమని చెప్పిన ఇళ్ళలో అది ఇప్పటికీ మందుల డబ్బుగా అక్కరకొస్తోంది.

ప్రభుత్వ ఉద్యోగిని. డీఏ బకాయిలు రాలేదు, సీపీఎస్ రద్దు కాలేదు. ఇంక దేన్ని నమ్మాలి?

2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవాళ్ళకు పాత పింఛను లేదు, జీతంలోంచి కోసిన డబ్బు మీద ఆధారపడే సీపీఎస్ పింఛనే. వాళ్ళ బాధ నాకు తెలుసు. మా తమ్ముడు కూడా అందులోనే ఉన్నాడు. 2019లో అధికారంలోకి వచ్చినవాళ్ళు రద్దు చేస్తామన్నారు, 2023లో రద్దుకు బదులు జీపీఎస్ (గ్యారంటీ పెన్షన్) చట్టం తెచ్చారు. ఆ నాలుగేళ్ళలో తమ్ముడు "ఎలాగూ పాత పింఛను వస్తుంది కదన్నా" అని సొంతంగా ఒక్క రూపాయి కూడా దాచలేదు.

పోరాటం మీ సంఘంతో కలిసి చేయండి, అది న్యాయమైన పోరాటం. ఇంట్లో మాత్రం పాత పింఛను రాదనుకునే లెక్క వేసుకోండి. పీపీఎఫ్ ఖాతా తెరిచి ఏడాదికి లక్షన్నర వరకు ఎంత వీలైతే అంత కట్టండి. పదిహేనేళ్ళు ముగిసేలోగా ఎన్ని ప్రభుత్వాలు మారినా ఆ ఖాతా మీదే. రేపు నిజంగా పాత పింఛను వస్తే మీ దగ్గర రెండూ ఉంటాయి.

డీఏ బకాయిలు, సరెండర్ లీవుల బిల్లులు వస్తాయని వాటిని చూసుకుని పర్సనల్ లోన్ మాత్రం తీసుకోకండి. వచ్చేది ఎప్పుడో తెలియదు, కట్టాల్సింది ప్రతి నెలా.

కాంట్రాక్టరును. పాత ప్రభుత్వంలో చేసిన పనుల బిల్లులు ఆగిపోయాయి.

నూటికి రెండు రూపాయల వడ్డీకి పది లక్షలు తెచ్చి పని చేశారనుకుందాం. నెలకు 20,000. అయిదేళ్ళు బిల్లు ఆగితే వడ్డీయే 12 లక్షలు. బిల్లు వచ్చినా అప్పటికి పనిలో మిగిలిన లాభం ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది. అందుకని బిల్లు కోసం తిరుగుతూనే, ఆ అప్పు అంత వడ్డీ మీద ఉంచకండి. ఇల్లో స్థలమో తనఖా పెట్టి బ్యాంకు వడ్డీకి మార్చుకోండి. లాయరు ద్వారా హైకోర్టుకు వెళ్ళి బిల్లులు తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకళ్ళు, పని ఆర్డర్లు జాగ్రత్తగా ఉంచుకున్నవాళ్ళకే అది కుదిరింది. అన్నిటికన్నా ముందు, కూలీలకు, సామాను ఇచ్చిన కొట్లవాళ్ళకు బాకీ ఉంటే అది తీర్చండి. ఎవరు గెలిచారన్న దానితో వాళ్ళకు సంబంధం లేదు.

పార్టీ కోసం సొంత డబ్బు ఖర్చు పెట్టాను. ఇప్పుడు ఎవరూ పలకరించడం లేదు. ఆ డబ్బు సంగతేంటి?

ఈ ప్రశ్న అడిగిన మనిషిని నేను మర్చిపోలేను. ఆటోనగర్ వైపు మోటార్లు రీవైండింగ్ చేసే షాపు ఆయనది. పెద్ద నాయకుడేం కాదు, డివిజన్ స్థాయి కార్యకర్త. ఒకరోజు సాయంత్రం ఒక నోటుబుక్కు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పద్నాలుగు నెలల ఖర్చు, ఆయన చేతిరాతే. "ఫ్లెక్సీలు 4, కర్రలతో సహా." "పుట్టినరోజు కేకు 5 కేజీలు." "మీటింగ్‌కి కార్లు 3, డీజిల్." "బిర్యానీ ప్యాకెట్లు 120." "శాలువాలు, దండలు." "టపాకాయలు, ఫలితాల రోజుకి." ఆ చివరి లైను కొట్టేసి ఉంది. కింద మొత్తం 3,18,000.

"ఇది ఎక్కడ చూపిస్తారు సార్?" అన్నాడు. ఎక్కడా చూపించడానికి లేదని చెప్పాను. ఫ్లెక్సీలు, భోజనాలు, డీజిల్ ఏ లెక్కలోకీ రావు. పార్టీకి విరాళం ఇచ్చినా నగదు అయితే పన్ను మినహాయింపు లేదు. చెక్కుతోనో ఆన్‌లైన్‌లోనో కట్టి రసీదు ఉంటే పాత పన్ను విధానంలో మాత్రమే మినహాయింపు ఉంటుంది, కొత్త విధానంలో అదీ లేదు. పేరు తెలియని ఏదో పార్టీకి లక్ష కట్టండి, కమిషన్ పట్టుకుని మిగతాది తిరిగి ఇచ్చేస్తాం అనేవాళ్ళు తిరుగుతుంటారు. ఆ జోలికి అసలు పోవద్దు, అలా చేసినవాళ్ళకు నోటీసులు వచ్చాయి.

ఆయన చాలాసేపు ఆ పుస్తకం వైపే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత "ఈ డబ్బుకి షాపులో రాగి తీగ రెండేళ్ళకు సరిపడా వచ్చేది" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు.

పార్టీ మీద అభిమానం తప్పని నేను ఎప్పుడూ అనను. ఊరి కోసం తిరిగే మనుషులు లేకపోతే రాజకీయం ఇంకా పాడవుతుంది. కానీ ఏడాది మొదట్లోనే ఇంత అని గీత గీసుకోండి. నేను చెప్పే గీత నెల సంపాదనలో రెండు శాతం. నెలకు 40,000 వచ్చేవాళ్ళకు 800. అది అయిపోతే ఇక మీ ఒంటి శ్రమ ఇవ్వండి, అప్పు చేసి ఇవ్వకండి. భార్య పేరు మీద, తమ్ముడి పేరు మీద చేసిన ఖర్చు కూడా ఆ గీత లోపలే.

ఎన్నికల పందెంలో డబ్బు పోయింది. నోటు రాసిచ్చాను. కట్టాలా?

భారత కాంట్రాక్టు చట్టం 1872 సెక్షన్ 30 ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. గెలిచినవాడు కోర్టుకు వెళ్ళి ఆ పందెం డబ్బు వసూలు చేసుకోలేడు. పందెం కాయడం కూడా మన రాష్ట్రంలో నేరం. మధ్యవర్తి చేతిలో పెట్టిన డబ్బు, పొలం కాగితాలు, బండి ఆర్‌సీ ఉంటే ఆలస్యం చేయకుండా లాయరును కలవండి. నోటులో "చేబదులు" అని రాయించుకుని ఉంటారు కాబట్టి సొంతంగా వాదనలకు దిగొద్దు.

ఇంట్లోవాళ్ళకు చెప్పండి. ఈ ఒక్కటి బతిమాలి చెబుతున్నాను. పల్నాడు వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు మూడు వారాలు ఎవరికీ చెప్పకుండా నాలుగు లోన్ యాప్‌ల నుంచి అప్పు తెచ్చి పందెం బాకీ తీర్చాలని చూశాడు. వాళ్ళ నాన్నకు చెప్పిన రోజు నుంచే తేలికపడ్డాడు. ఆయన తిట్టాడు, కొడుకు పక్కనే నిలబడ్డాడు కూడా.

అవతలి పార్టీవాళ్ళ కొట్టులో కొనడం మానేశాం. వాళ్ళ పేపరూ మానేశాం. సరైనదేనా?

పేపరు, టీవీ ఛానల్ మీ ఇష్టం. రోజూ పొద్దున్నే బీపీ పెంచే పేపరుకు డబ్బు కట్టాల్సిన పని లేదు. మానేసిన నెల ఆ బిల్లు ఎంతో చూసి, అంతా పక్కన వేయండి. పేపరు వేసే కుర్రాడికి మాత్రం నెల మధ్యలో ఆపకుండా నెలాఖరుకు లెక్క చూసి ఆపండి.

కొట్టు విషయంలో నా అభిప్రాయం వేరు. పట్నం బజార్లో తాతల నాటి నుంచి పచారీ ఇచ్చే షావుకారు ఏ పార్టీ అన్నది మీకు 2019కి ముందు పట్టిందా? కరోనా లాక్‌డౌన్‌లో మీకు అరువు ఇచ్చింది ఎవరో గుర్తుంటుంది. పైగా మీరు మానేసిన ఆ డబ్బు నాయకుడి దాకా పోదు, కొట్టులో పొట్లాలు కట్టే పిల్లాడి జీతం దగ్గరే ఆగిపోతుంది. కులం పేరుతో, పార్టీ పేరుతో ఊళ్ళో కొట్లు పంచుకుంటే ఎన్నికలు అయిపోయినా ఆ గోడ అలాగే ఉండిపోతుంది. ఒక కంపెనీ యజమాని చేసిన పని తప్పనిపిస్తే ఆ కంపెనీ సరుకు మానేయండి. మనిషికి ఓటు హక్కు ఉందని అతని బేరం మానేయడం మాత్రం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

ఇలాంటి ప్రభుత్వానికి పన్నులెందుకు కట్టాలి? ఇంటి పన్ను కట్టకుండా నిరసన తెలపొచ్చా?

మన జిల్లాకు ఈ విషయంలో పెద్ద చరిత్రే ఉంది. 1921లో, అప్పట్లో గుంటూరు జిల్లాలోనే ఉన్న చీరాల-పేరాలలో మున్సిపల్ పన్ను కట్టం అని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట జనం ఊరే ఖాళీ చేసి బయట పాకలు వేసుకున్నారు. ఆ తర్వాత పెదనందిపాడు ఫిర్కాలో (కొన్ని ఊళ్ళ రెవెన్యూ విభాగం) పర్వతనేని వీరయ్య చౌదరి గారి నాయకత్వంలో రైతులు శిస్తు కట్టలేదు. అవి ఊరంతా ఒక్కమాట మీద నిలబడి, జప్తులకు సిద్ధపడి, అందరికీ చెప్పి చేసిన పనులు.

ఒక్కరే ఇంట్లో కూర్చుని ఇంటి పన్ను మానేస్తే ఎవరికీ తెలియదు. నెలకు రెండు శాతం వడ్డీ పెరుగుతూ పోతుంది, అంతే. ఏడాది పన్ను ఏప్రిల్ నెలలో ఒకేసారి కడితే అయిదు శాతం తగ్గింపు వస్తుంది. ఏప్రిల్‌లో కట్టేయండి, తగ్గిన డబ్బును కింద చివరి ప్రశ్నలో చెప్పిన పనికి వాడండి.

వార్తలు చూసి టెన్షన్ వస్తోంది. రాత్రిళ్ళు ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి కొంటున్నాను.

కోపంలో, దిగులులో కొన్న వస్తువులు నెల తర్వాత బిల్లులో కనబడతాయి. ఫోన్‌లో దాచి ఉంచిన కార్డు వివరాలు తీసేయండి, యూపీఐకి రోజువారీ పరిమితి తగ్గించుకోండి. రాత్రి తొమ్మిది తర్వాత చర్చా కార్యక్రమాలు ఆపి చూడండి. మా ఇంట్లో ఈ ఒక్క మార్పుతో నెలకు 2,000 పైన మిగిలింది.

ఇక్కడ లాభం లేదు, పిల్లల్ని అమెరికా పంపించేద్దాం అనుకుంటున్నాం.

చదువు కోసం పంపండి, అలిగి పంపొద్దు. ఇక్కడి రాజకీయం నచ్చక వెళితే అక్కడ కూడా రాజకీయమే ఎదురొస్తుంది. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు అన్న ప్రకటన వచ్చిన రాత్రి, గుంటూరులో ఎన్ని ఇళ్ళలో నిద్ర లేదో నాకు తెలుసు. మామూలుగా ఏడున్నర లక్షలు దాటిన విద్యా రుణానికి బ్యాంకు ఆస్తి హామీ అడుగుతుంది. ఉన్న ఒక్క ఇల్లూ హామీ పెట్టే ముందు, అబ్బాయికి ఏడాది పాటు ఉద్యోగం రాకపోయినా కిస్తీ ఎవరు, ఎందులోంచి కడతారో కాగితం మీద రాసి చూసుకోండి.

మా ఆయనది ఒక పార్టీ, నాది ఇంకో పార్టీ. ఖర్చుల మీద రోజూ గొడవే.

విజయవాడ సత్యనారాయణపురం నుంచి వచ్చే ఒక జంట నాకు చూపించిన పద్ధతి మీకూ చెబుతాను. ముందు ఇంటి ఖర్చులు, ఫీజులు, ఆరు నెలల ఖర్చుకు సరిపడా అత్యవసర నిధి కలిసి పక్కన పెడతారు. ఆ తర్వాత నెలకు చెరో 500. అది ఆయన పార్టీకి ఇచ్చుకుంటాడా, ఆవిడ ఇంకో పార్టీకి ఇచ్చుకుంటుందా అన్నది ఒకరినొకరు అడగరు. "ఆ అయిదు వందలు దాటితే అప్పుడు మాట్లాడతానండీ" అంది ఆవిడ నా ముందే.

ఇవన్నీ మానుకుంటే కొంత మిగులుతోంది. నిరాశ మాత్రం పోలేదు. ఆ డబ్బుతో ఏదైనా చేయగలమా?

చేయొచ్చు. కళ్ళకు కనబడేంత దూరంలో చేయండి.

1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది బెజవాడలోనే. అప్పుడూ ప్రభుత్వం మనది కాదు. జనం తలా కొంత వేసుకుని పుస్తకాలు కొని ఊళ్ళు తిప్పారు. మీ వీధిలో బడికి రెండు ఫ్యాన్లు, పక్క ఇంటి ఆడపిల్ల పాలిటెక్నిక్ ఫీజులో కొంత, గ్రంథాలయానికి పోటీ పరీక్షల పుస్తకాలు, ఇలా ఏదో ఒకటి ఎంచుకోండి. ఎవరి ఫోటో వేయకుండా ఇవ్వండి.

అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యే పని సమాచార హక్కు దరఖాస్తు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, మిగతా ఆఫీసుల్లో 10 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. మా వీధిలో మురుగు కాలవ మీద రెండు బండలు పోయి ఏడాదిన్నర అయింది. ఓ వానాకాలం రాత్రి ఎదురింటి పిన్నిగారు అందులో కాలు పెట్టి మడమ విరగ్గొట్టుకున్నారు. అప్పటిదాకా మేమందరం అరుగు మీద కూర్చుని పార్టీల గురించే మాట్లాడుకున్నాం. ఆ వారం తెల్లకాగితం మీద మూడు ప్రశ్నలు రాశాను: ఈ వీధి కాలవకు గత రెండేళ్ళలో ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, పని ఎవరికి ఇచ్చారు? 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ అంటించి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఇరవై ఆరో రోజున జవాబు వచ్చింది. అంతకు నాలుగు రోజుల ముందే ఇద్దరు మనుషులు ఆటోలో వచ్చి బండలు వేసి సిమెంటు పూసి వెళ్ళారు. పిన్నిగారు కట్టు ఉన్న కాలితోనే గుమ్మం దాకా వచ్చి, అది ఆరేవరకు ఎవరూ తొక్కకుండా అడ్డంగా కుర్చీ పెట్టించారు.